డాక్టరమ్మకు ఉత్తరం: ప్రయాణం దగ్గరపడింది, రెండో డోసు ముందే వేయించవచ్చా?

సెలవుల ముందు నాకు వచ్చే ఉత్తరాల్లో సగం పిల్లల జ్వరాల గురించీ, దగ్గుల గురించీ ఉంటాయి. ఈసారి మాత్రం చాలామంది ఒకే సంగతి అడిగారు. టికెట్లు కొనేశారు. ఇంట్లో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లో పిల్లాడో ఉన్నారు. ఏదో ఒక టీకాకు రెండో డోసు తేదీ ప్రయాణం తర్వాత పడింది. దాన్ని ముందుకు జరపాలని అందరి ఆత్రం. టీకాను బట్టి జవాబు మారుతుంది కాబట్టి ఉత్తరాలను విడివిడిగానే తీసుకుంటున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఈ నెల 28 తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ మూడు వారాలకు విదేశం వెళుతున్నాం. అక్కడ తట్టు కేసులు వస్తున్నాయని విని పాప టీకాల కార్డు కోసం వెతికాను, దొరకలేదు. మా డాక్టరుగారు ఎందుకైనా మంచిదని 3వ తేదీన తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకా ఒక డోసు వేసి, రెండోదానికి 31న గానీ ఆ తర్వాత గానీ రమ్మన్నారు. అప్పటికి మేం ఇక్కడ ఉండం. మా బావగారేమో, 20వ తేదీకల్లా వేయించేస్తే జ్వరం వచ్చినా ప్రయాణం నాటికి తగ్గిపోతుంది అంటున్నారు. మరో చోట అడిగితే వేస్తామన్నారు కూడా. వేయించనా? మాతోపాటు మా ఆడపడుచు కొడుకు, తొమ్మిది నెలల బాబు, కూడా వస్తున్నాడు. వాడికి ఇంకా ఈ టీకా పడలేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, 20న వేయించకండి. మీ డాక్టరుగారు చెప్పిన తేదీయే సరైనది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ బావగారి ఆలోచనే చాలా ఇళ్లలో వినిపిస్తోంది.

రెండో డోసు ఉన్న ప్రతి టీకాకూ రెండు గడువులు ఉంటాయి. ఒకటి మామూలుగా ఇచ్చే సమయం. రెండోది అంతకంటే ముందు ఇవ్వకూడని కనీస వ్యవధి. ఎంఎంఆర్‌నే చూడండి. అమెరికా వంటి కొన్ని దేశాల్లో రెండో డోసు నాలుగు నుంచి ఆరేళ్ల వయసులో వేస్తారు. ప్రయాణం ఉంటే అంతకాలం ఆగనక్కర లేదు, మొదటి డోసు పడి 28 రోజులైతే చాలు. అంటే మామూలు తేదీని ఏళ్ల తరబడి ముందుకు తేవచ్చు గానీ 28 రోజుల గీత దాటకూడదు. మీ పాప విషయంలో మీ డాక్టరుగారు ఇచ్చిన 31 ఆ గీత మీదున్న తేదీ. అంతకంటే ముందుకు జరపడానికి ఇక చోటు లేదు.

ముందుగా వేస్తే ఏమవుతుంది? ఎంఎంఆర్‌లో ఉండేవి బలహీనపరిచిన సజీవ వైరస్‌లు. మొదటి డోసు తర్వాత అవి ఒంట్లో కొన్నాళ్లు పెరుగుతాయి, వాటిని గుర్తుపట్టి శరీరం ఎదురుతిరుగుతుంది. ఆ హడావిడి సాగుతుండగా రెండో డోసు ఇస్తే, అప్పటికే అప్రమత్తంగా ఉన్న శరీరం కొత్తగా వచ్చిన టీకా వైరస్‌ను ఎదగనివ్వకపోవచ్చు. గోడకు మొదటి పూత ఆరకముందే రెండోది పూసినట్టు అవుతుంది.

ఇంకో విషయం. తట్టుకు రెండో డోసు ప్రధానంగా బూస్టర్ కాదు. మొదటి డోసుతోనే నూటికి 93 మందికి తట్టు నుంచి రక్షణ వస్తుంది. మిగిలిన కొద్దిమందికి ఏవో కారణాల వల్ల మొదటిసారి టీకా పట్టదు. వాళ్లకు మరో అవకాశం ఇవ్వడం కోసమే రెండో డోసు. రెండూ పడితే రక్షణ 97 శాతం దాకా వెళుతుంది. ఆ రెండో అవకాశాన్ని పనిచేయని సమయంలో ఖర్చుపెడితే, ఎవరికి అవసరమో వాళ్లకే నష్టం.

ఇప్పుడు తేదీలు లెక్కవేద్దాం. 3న వేసిన డోసుకు 20 అంటే పదిహేడో రోజు. ఆ డోసు లెక్కలోకి రాదు. అలా లెక్కకు రాని డోసు పడితే, మళ్లీ 28 రోజులు ఆ డోసు నుంచే లెక్కపెట్టి ఇంకోటి వేయాలి. అంటే వచ్చే నెల 17. మామూలుగా 31కే పూర్తయ్యే అర్హత ఉన్న పిల్లకు తొందర వల్ల రెండు వారాలకు పైగా ఆలస్యం, పైగా ఒక సూది అదనం. మీ బావగారి జ్వరం లెక్క కూడా కుదరదు. ఎంఎంఆర్ తర్వాత జ్వరం గానీ ఒంటిమీద దద్దుర్లు గానీ వస్తే మర్నాడు రావు, దాదాపు వారం నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తాయి. 20న వేయిస్తే ఆ రోజులు సరిగ్గా మీ విమాన ప్రయాణం మీద పడతాయి. రెండో డోసుకు జ్వరం రావడం అరుదే అనుకోండి, అయినా తేదీ ఎంచుకోవడానికి అదొక కారణం కాదు.

మీ ఉత్తరంలో లేదు గానీ ఇంకొందరు రాశారు, 'నాలుగు రోజుల వెసులుబాటు ఉందట కదా' అని. ఉంది. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మార్గదర్శకాల ప్రకారం కనీస వ్యవధికి నాలుగు రోజుల ముందు వరకూ పడిన డోసును చెల్లుబాటుగానే లెక్కిస్తారు. ఆ లెక్కన మీ పాపకు 27న, అంటే ప్రయాణానికి ముందు రోజు, వేసినా చెల్లుతుంది. కానీ ఆ వెసులుబాటు పెట్టింది ప్రధానంగా పాత కార్డులు చూసేటప్పుడు ఒకటి రెండు రోజుల తేడాకు పిల్లలకు మళ్లీ సూది పొడవకుండా ఉండటానికి. మళ్లీ వచ్చే వీలు లేని పిల్ల ఎదురుగా ఉన్నప్పుడు కూడా పనికొస్తుంది. అన్ని దేశాలూ, అన్ని బడులూ దాన్ని ఒప్పుకోవు. మీ అమ్మాయి అక్కడ ఆరు నెలలో ఏడాదో ఉండిపోయేదైతే, మీ డాక్టరుతో మాట్లాడి 27న వేయించమనే అనేదాన్ని. మూడు వారాల్లో తిరిగి వస్తున్నారు కాబట్టి వచ్చాక వేయించండి. ఆలస్యమైతే నష్టం లేదు. రెండో డోసు ఎంత ఆలస్యమైనా మొదటిది వృథా పోదు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టనక్కర లేదు.

రెండో డోసు కంటే ముందు ఒక పని చేయండి. ఆ పోయిన కార్డు కోసం మరోసారి గట్టిగా వెతకండి. పాత బడి చేర్పింపు కాగితాలు, పుట్టిన ఆసుపత్రి ఫైలు, చిన్నప్పుడు చూపించిన పిల్లల డాక్టరు దగ్గరి రికార్డు, అమ్మమ్మగారింట్లో దాచిన కవర్లు అన్నీ చూడండి. ఏడాది నిండిన తర్వాత తట్టు టీకా ఒక్కటి పడినట్టు తేదీతో సహా కాగితం దొరికితే, తట్టు వరకూ 3న పడిందే రెండో డోసు అవుతుంది. నోటిమాట చాలదు, కాగితం కావాలి. దొరకదని తేలిపోయిందనుకున్నవి బడి ఆఫీసుల్లో దొరకడం నేను చాలాసార్లు చూశాను.

ఇక ప్రయాణంలో. 3న పడిన డోసు 28 నాటికి పని మొదలుపెట్టి ఉంటుంది. అలా పని మొదలుపెట్టడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, అందరూ ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు టీకాలు పూర్తి చేసుకోవాలనేది అందుకే. మీ పాప ఆ మొదటి డోసుతో చాలావరకు రక్షణతోనే వెళుతోంది, భయపడకండి. తట్టు గాలిలో వ్యాపిస్తుంది. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల వరకూ వైరస్ ఆ గాలిలో ఉండగలదు. అందువల్ల చేతులు కడుక్కుంటే చాలులే అనుకోవద్దు. అక్కడ తట్టు ఉన్నవాళ్ల దగ్గర పాప గడిపినట్టు తెలిస్తే వెంటనే అక్కడి డాక్టరును కలవండి. వైరస్ సోకిన మొదటి 72 గంటల్లో ఎంఎంఆర్ ఇస్తే జబ్బును ఆపే అవకాశం ఉంది. 31 దాటితే మీ పాపకు అది మామూలు రెండో డోసుగా కూడా పనికొస్తుంది. తిరిగొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం, కళ్లు ఎర్రబడటం, దద్దుర్లు కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లే ముందు ఫోను చేసి చెప్పండి. నిండు వెయిటింగ్ హాలులో కూర్చోబెట్టే ముందు వాళ్లు జాగ్రత్త పడతారు.

బాబు సంగతి వేరు. అక్కడ నేను ముందే వేయించమంటాను. తట్టు ఉన్న చోటికి వెళ్లే ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు ప్రయాణానికి ముందు ఒక డోసు ఇస్తారు. చాలా దేశాల్లో ఆ డోసు లెక్కకు రాదు. ఏడాది నిండాక మళ్లీ రెండు వేయాలి. తట్టు ఎక్కువగా ఉన్న కొన్ని దేశాల్లో తొమ్మిదో నెలలో ఇచ్చేదే మొదటి డోసు, కాబట్టి మీ ఆడపడుచు తమ పిల్లల డాక్టరును అడిగి ఆ డోసు ఎలా రాస్తారో తెలుసుకోవాలి. బాబుకు ముందే వేయించమంటూ పాపకు వద్దనడం మీకు పొంతన లేనట్టు అనిపించవచ్చు. బాబుకు ఇప్పటిదాకా ఏ రక్షణా లేదు. ఏడాది లోపు పిల్లలకు తట్టు వస్తే ప్రమాదం ఎక్కువ. లెక్కకు రాకపోయినా వాడికి ఆ డోసు ఇప్పుడు కావాలి. పాపకు ఇప్పటికే ఒకటి పడింది.

ఇంకొక్క మాట, వేరే దేశాలకు వెళ్లేవాళ్ల కోసం. దోమలు అంటించే యెల్లో ఫీవర్ అనే జ్వరానికి వేసే టీకా కూడా సజీవ టీకాయే. ఎంఎంఆర్, యెల్లో ఫీవర్ రెండూ కావలసినవాళ్లు ఒకే రోజు రెండు చేతులకు వేయించుకోవచ్చు, లేదంటే మధ్యలో నాలుగు వారాలు వదలాలి. ఇక్కడ ఆ నాలుగు రోజుల వెసులుబాటు పనిచేయదు. కొన్ని దేశాలు అడిగే యెల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కూడా టీకా వేసిన పదో రోజు నుంచే చెల్లుతుంది. 2016 జూలై నుంచి అది జీవితాంతం చెల్లుబాటు. ఈ రెంటికీ తేదీలు కలపడానికి నెలన్నర ముందే కూర్చోవాలి, చివరి వారంలో ఎవరూ ఏమీ చేయలేరు.

ప్రశ్న: మేం ముగ్గురం, నేను, నా భార్య, పదహారేళ్ల మా అబ్బాయి. పదిహేను రోజుల్లో ఆసియా దేశాలకు వెళుతున్నాం. మధ్యలో వారం రోజులు వరి పొలాల పక్కన పల్లెలో బస. జపనీస్ మెదడువాపు టీకా, ఇక్సియారో, మొదటి డోసు ముగ్గురికీ ఒకే రోజు వేశారు. రెండో డోసుకు మా ఇద్దరినీ ఏడో రోజున రమ్మని, అబ్బాయిని మాత్రం 28వ రోజున రమ్మన్నారు. వాడు నా కంటే పొడుగు, బరువూ ఎక్కువే. పొరపాటున రాశారేమో అని అడిగితే కాదన్నారు. వాడికి కూడా ఏడో రోజునే వేయమని పట్టుబట్టవచ్చా? – ఒక తండ్రి

జవాబు: పట్టుబట్టకండి. వాళ్లు సరిగ్గానే రాశారు.

ఈ టీకాకు మామూలు వ్యవధి 28 రోజులు. తొందరలో ఉన్నవాళ్ల కోసం ఏడు రోజుల వ్యవధిని పరీక్షించి, ఆమోదించింది 18 నుంచి 65 ఏళ్లవారికి. పదిహేడేళ్ల వరకూ 28 రోజులే. ఎత్తూ బరువూ చూసి పెద్దవాడి లెక్కలో వేద్దామనిపిస్తుంది, నాకు తెలుసు. నా దగ్గరకు వచ్చే పదహారేళ్ల కుర్రాళ్లలో చాలామంది నన్ను దాటి ఎదిగినవాళ్లే. కానీ టీకా షెడ్యూలు శరీరం సైజును చూసి రాసింది కాదు. ఏ వయసువాళ్ల మీద, ఏ వ్యవధితో పరీక్షించారో ఆ వయసుకే ఆ వ్యవధి. మీవాడి వయసుకు ఏడు రోజుల హామీ ఎవరూ ఇవ్వలేదు.

మరి ఏం చేయాలి? ముందు ముప్పు ఎంతో చూద్దాం. ఈ వైరస్ పందుల్లోనూ, నీళ్లలో తిరిగే కొంగల వంటి పక్షుల్లోనూ ఉంటుంది. వరి పొలాల్లాంటి నిలవ నీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమలు దాన్ని మనుషులకు ఎక్కిస్తాయి. నగరాల్లో కొద్దిరోజులు తిరిగే ప్రయాణికులకు ముప్పు చాలా తక్కువ. ఆసియా వెళ్లే ప్రయాణికుల్లో పదిలక్షల మందికి ఒక్కరి కంటే తక్కువమందికి ఈ జబ్బు వస్తుందని అంచనా. సోకినవారిలో కూడా ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. కానీ మెదడువాపు దాకా వచ్చిందంటే నూటికి ఇరవై ముప్ఫై మంది చనిపోతారు, బతికినవాళ్లలో ఎంతోమందికి మాటలోనో నడకలోనో శాశ్వతంగా లోపం మిగిలిపోతుంది. జబ్బు అరుదే. వస్తే మాత్రం దీనికి విరుగుడు మందు లేదు. అందుకే ఈ టీకాను నేను తేలిగ్గా తీసుకోను.

ఒక్క డోసు మీద భరోసా పెట్టుకోలేం. టీకా పూర్తిగా పనిచేయాలంటే రెండు డోసులూ పడి, ప్రయాణానికి కనీసం వారం ముందే ముగియాలి. మీవాడికి అది కుదరదు. కాబట్టి మీ ప్రయాణంలో మార్చుకోగలిగింది పల్లె బసే. ఆ వారాన్ని వదిలేసి నగరాల్లో గడపమని నా సలహా. పొలాలు చూడాలని పిల్లాడికి మరీ మనసుంటే పగటిపూట వెళ్లి, పొద్దువాలక ముందే వెనక్కి వచ్చేయండి. ఈ దోమలు ఎక్కువగా కుట్టేది సాయంత్రం నుంచి తెల్లవారే దాకా. డీట్ ఉన్న దోమల మందు చేతులకూ మెడకూ పూసుకోవాలి. పూర్తి చేతుల చొక్కా, పెర్మెత్రిన్ అనే దోమల మందు పట్టించిన దోమతెర, కిటికీలకు జాలీ ఉన్న గది చూసుకోండి. టీకా పూర్తయిన మీ దంపతులకూ ఇవన్నీ అవసరమే, ఎందుకంటే అదే దోమల కాలంలో అక్కడ డెంగీ కూడా ఉంటుంది.

మీ ట్రావెల్ క్లినిక్‌లో ఇంకో మాట అడగండి. ఈ జబ్బుకే ఒక్క డోసుతో రక్షణ మొదలయ్యే సజీవ టీకాలు కొన్ని దేశాల్లో దొరుకుతాయి. మీ దగ్గర ఉంటే, అబ్బాయికి అది కుదురుతుందో లేదో వాళ్లు చెబుతారు. ఇప్పటికే ఇక్సియారో ఒక డోసు పడింది కాబట్టి ఆ సంగతి వాళ్లకు తెలియాలి. అబ్బాయి కార్డు తీసుకెళ్లండి. ఏదీ కుదరకపోతే తిరిగొచ్చాక రెండో డోసు వేయించండి, తర్వాతి ప్రయాణానికి పనికొస్తుంది.

ఒక అభ్యర్థన. మీ ఇద్దరికీ ఏడు రోజులూ, వాడికి ఇరవై ఎనిమిదీ ఎందుకో ఆ పిల్లాడికే విడమర్చి చెప్పండి. పల్లె బస పోయిందన్న కోపం వాడికి ఉంటుంది. కారణం తెలిస్తే దోమల మందు పూసుకోవడానికి మీరు వెంటపడాల్సిన పని ఉండదు.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్ల వయసులో, గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా మొదటి డోసు వేయించాం. నాలుగు నెలలైంది. వచ్చే నెల ఆమెకు పదిహేను నిండుతాయి, ఆ వారంలోనే రెండు నెలల ప్రయాణం. పదిహేను దాటితే మూడు డోసులు వేయాలి కదా, అందుకే నిండకముందే రెండోది వేయించేద్దామనుకుంటున్నాం. – ఒక తల్లి

జవాబు: మంచి సమయానికి రాశారు, ఆగండి. మూడు డోసుల నియమం మొదటి డోసు వేయించుకున్న నాటి వయసును బట్టి ఉంటుంది. మీ అమ్మాయి పద్నాలుగులో మొదలుపెట్టింది కాబట్టి రెండోది ఏ వయసులో పడినా ఆమెకు రెండు డోసుల లెక్కే.

పదిహేనేళ్లలోపు మొదలుపెట్టినవాళ్లకు రెండు డోసుల మధ్య ఆరు నుంచి పన్నెండు నెలలు వదలాలి. కనీస వ్యవధి ఐదు నెలలు. మీరు నాలుగు నెలలకే వేయిస్తే మూడో డోసు తప్పనిసరి అవుతుంది. మీరు దేన్ని తప్పించుకోవాలనుకున్నారో అదే నెత్తిన పడుతుంది. తిరిగొచ్చాక, ఆరు నెలలు నిండాక, తీరిగ్గా వేయించండి. పన్నెండు నెలలు దాటినా ఫరవాలేదు. హెచ్‌పీవీ ప్రయాణంలో గాలికో నీళ్లకో అంటుకునే జబ్బు కాదు. ఇది ఆమె జీవితంలో ఎన్నో ఏళ్ల తర్వాత రాగల గర్భాశయ ముఖద్వార కేన్సర్ నుంచి కాపాడే టీకా, దీనికి విమానం తేదీతో పని లేదు. 2022 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్లవారికి ఒక్క డోసు షెడ్యూలు కూడా ఆమోదయోగ్యమే అని చెప్పింది. మీ దేశం రెండు డోసుల షెడ్యూలు పాటిస్తుంటే రెండోది వేయించండి, కానీ ఈ రెండు నెలల గురించి మాత్రం దిగులు వద్దు.

ప్రశ్న: పదమూడేళ్ల బాబుకు హెపటైటిస్ ఏ, అంటే కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వచ్చే కామెర్ల జబ్బు, టీకా మొదటి డోసు మొన్ననే పడింది. రెండోది ఆరు నెలలకట. మూడు వారాల్లో ప్రయాణం. ముందే ఇచ్చే వీలు లేదా?

జవాబు: లేదు, అవసరం కూడా లేదు. ఈ టీకాలో ప్రయాణానికి కావలసిన రక్షణ మొదటి డోసే ఇచ్చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో దాదాపు అందరికీ రెండు నుంచి నాలుగు వారాల్లో యాంటీబాడీలు తయారవుతాయి. రెండో డోసు ఆ రక్షణను ఎన్నో ఏళ్ల పాటు నిలబెట్టడానికి. బాబును నిశ్చింతగా తీసుకెళ్లండి. నీళ్ల విషయంలో, పచ్చివి తినే విషయంలో జాగ్రత్త మామూలే. ఆరు నెలల తర్వాతి తేదీని ఇప్పుడే ఫోనులో పెట్టుకోండి, ప్రయాణం అయిపోయాక ఈ రెండో డోసును మరచిపోయేవాళ్లే ఎక్కువ.

ప్రశ్న: కోవిడ్ రోజుల్లో మా పెద్దవాడికి రెండో డోసు తొందరగా దొరక్క ఒక ప్రయాణం మానుకున్నాం. అప్పట్లో అనవసరంగా ఆపారేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. నిజమేనా?

జవాబు: అనవసరంగా ఆపలేదు. 2021లో పన్నెండేళ్లు దాటిన పిల్లలకు ఫైజర్ టీకా మొదలైనప్పుడు రెండు డోసుల మధ్య మూడు వారాలు పెట్టారు. ఆ ఏడు మా క్లినిక్ ఫోనుకు వచ్చిన పిలుపుల్లో 'ఇంకో నాలుగు రోజులు ముందు వేయరా' అన్నవే ఎక్కువ. చాలా దేశాలు రెండో డోసు పడి 14 రోజులైతేనే పూర్తి టీకా కింద లెక్కగట్టేవి, అందుకే అంత ఒత్తిడి. తర్వాత బయటపడిన సంగతి ఏమిటంటే, ఫైజర్ వంటి ఎంఆర్‌ఎన్‌ఏ రకం టీకాల రెండో డోసు తర్వాత టీనేజీ, యువ వయసు మగపిల్లల్లో అరుదుగా గుండె కండరాల వాపు వస్తోందనీ, వ్యవధి పెంచితే అది తగ్గుతోందనీ. 2022 ఫిబ్రవరిలో సీడీసీ కొందరికి, ముఖ్యంగా 12 నుంచి 39 ఏళ్ల మగవారికి, ఎనిమిది వారాల వ్యవధి మేలు కావచ్చని చెప్పింది. అంటే మీ పెద్దవాడి వయసు పిల్లలకు కావలసింది ఇంకా ఎక్కువ విరామమే. ఆ ప్రయాణం పోయినందుకు మీకు బాధ ఉండటం సహజం, కానీ పిల్లవాడికి అన్యాయం జరగలేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు పద్నాలుగేళ్లు. టూర్ ముందు నాకు ఒకేరోజు రెండు టీకాలు వేయిస్తామంటున్నారు మా అమ్మానాన్న. పోయినసారి సూది వేశాక కళ్లు తిరిగి పడిపోయాను. అందరి ముందూ సిగ్గేసింది. ఒకటి ఇప్పుడు, ఒకటి వచ్చాక వేయించుకుంటానంటే వినట్లేదు. ఒకేరోజు రెండు వేస్తే ప్రమాదం కాదా?

జవాబు: తల్లీ, నువ్వు స్వయంగా రాసినందుకు నాకెంతో సంతోషం. ఒకేరోజు రెండు టీకాలు వేయడం వల్ల ప్రమాదం లేదు, వాటి పనితనమూ తగ్గదు. కొన్ని సజీవ టీకాలకైతే ఒకేరోజు వేయడమే మంచిది, లేకపోతే నెల ఆగాలి. రెండు సూదులూ వేర్వేరు చేతులకు వేస్తారు.

కళ్లు తిరగడం నీ వయసువాళ్లలో చాలామందికి జరుగుతుంది. అది టీకా మందు చేసే పని కాదు. సూది అన్న ఆందోళనకూ నొప్పికీ రక్తపోటు ఒక్కసారిగా పడిపోవడం వల్ల అలా అవుతుంది. పడిపోవడం కంటే పడినప్పుడు తల తగలడమే అసలు ముప్పు. అందుకని ఈసారి గదిలోకి వెళ్లగానే నర్సుకు మొదటి మాటగా 'పోయినసారి నేను పడిపోయాను' అని చెప్పు. బల్ల మీద పడుకోబెట్టి వేయమని అడుగు, వేస్తారు. వేశాక పదిహేను నిమిషాలు అలాగే పడుకో, ఎక్కువగా కళ్లు తిరిగేది ఆ సమయంలోనే. ముందుగా ఏమైనా తిని, నీళ్లు తాగి వెళ్లు. సూది వేస్తున్నప్పుడు కాళ్ల కండరాలు, పిరుదులు బిగించి వదులుతూ ఉంటే రక్తపోటు పడిపోకుండా ఉంటుంది, ఇంట్లో ఒకసారి సాధన చెయ్యి.

మీ అమ్మానాన్నలకు ఈ జవాబు చూపించు. బయట ఎవరూ చూడకుండా, లోపలి గదిలో వేయించమని నువ్వు అడగడం తప్పు కాదు. ఏ టీకా ఎందుకో, రెండో డోసు ఎప్పుడో నీ కార్డులో నువ్వే నీ చేత్తో రాసుకో. ఇంకో రెండు మూడేళ్లలో నువ్వు ఒక్కదానివే ప్రయాణాలు చేస్తావు, అప్పుడు ఆ కార్డు నీ దగ్గర ఉండాలి.